ఎర్రరాళ్ల దారిలో ఒక రోజు: అహోబిలం నడకకు ఏర్పాట్లు

విహారయాత్ర అనగానే మన కాలేజీలో మొదట తేలేది బస్సు సంగతి, తర్వాత భోజనాల సంగతి. ఈ రెండూ కుదిరితే యాత్ర కుదిరినట్టేనని విద్యార్థి సంఘం వారి నమ్మకం. ఎక్కడ నడవాలి, ఎంతసేపు నడవాలి, ఎవరు ముందుండాలి, ఏ గంటకు వెనక్కి తిరగాలి అన్న ప్రశ్నలు బస్సు దిగాక పుడతాయి. ఏ డ్యాముకో తోటకో పోయేటప్పుడు ఇలా చెల్లిపోతుంది. అహోబిలం కొండల్లో చెల్లదు. ఈసారి సంఘం వారు "ఎగువ అహోబిలం, వీలైతే ఉగ్రస్తంభం" అని తీర్మానం చేసుకొని, భూగర్భశాస్త్రం చెప్పేవాణ్ణి గదా, పైగా ఆళ్లగడ్డ వైపు వాణ్ణి గదా అని నన్ను ఒక వ్యాసం రాసిమ్మన్నారు. ఆ "వీలైతే" అన్న మాట దగ్గరే నాకు పేచీ ఉంది. దాని సంగతి చివర చెబుతాను.

మన పూర్వ విద్యార్థి ఒకాయన అమెరికా నుండి ఫోటోలు పంపించాడు. కొలరాడో రాష్ట్రంలో గార్డెన్ ఆఫ్ ది గాడ్స్ అని ఒక పార్కు ఉంది. ఎర్రటి ఇసుకరాళ్లు గోడల్లాగా, గోపురాల్లాగా నిట్టనిలువుగా లేచి ఉంటాయి. పెర్కిన్స్ అనే రైల్వే యజమాని పిల్లలు 1909లో ఆ స్థలాన్ని కొలరాడో స్ప్రింగ్స్ ఊరికి దానమిచ్చారు, జనం ఎప్పటికీ ఉచితంగా చూడాలన్న షరతు మీద. ఫోటోల వెనకాల మనవాడు "సార్, ఇలాంటివి మనకు లేవు గదా" అని బాధపడ్డాడు. నాయనా, ఉన్నాయి. నీ ఊరి నుండి ఆర్టీసీ బస్సు పోతుంది. ఆ రాళ్ల వయసు సుమారు 30 కోట్ల ఏళ్లు. మనవాటి ముందు అవి మొన్న పుట్టిన పిల్లలు.

పాఠం బస్సులోనే మొదలవుతుంది, కాబట్టి బస్సులో పాటలు కొంచెం తగ్గించమని మనవి. నంద్యాల నుండి ఆళ్లగడ్డకు సుమారు 40 కిలోమీటర్లు. అక్కడి నుండి దిగువ అహోబిలానికి పాతిక. దిగువ నుండి ఎగువకు మరో 8. నంద్యాల నుండి ఎర్రగుంట్లకు 2016లో రైలు వచ్చింది గాని అది బనగానపల్లె, కోవెలకుంట్ల మీదుగా పోతుంది, ఆళ్లగడ్డకు రాదు. అంచేత రోడ్డే గతి. రోడ్డు వెంట బల్లపరుపుగా నల్లరేగడి. ఆ మన్ను కింద ఉన్న రాతి పొర పేరేమిటో తెలుసా? నంద్యాల షేల్. ప్రపంచంలో ఎక్కడి భూగర్భశాస్త్రజ్ఞుడైనా కర్నూలు శిలావర్గం గురించి రాయాలంటే మన ఊళ్ల పేర్లు వల్లించాల్సిందే: బనగానపల్లె క్వార్ట్‌జైటు, నర్జి సున్నపురాయి, అవుకు షేలు, పాణ్యం క్వార్ట్‌జైటు, కోవెలకుంట్ల సున్నపురాయి, నంద్యాల షేలు. విలియం కింగ్ అనే దొర ఈ ప్రాంతమంతా తిరిగి 1872లో కడప, కర్నూలు శిలల మీద పెద్ద గ్రంథం అచ్చు వేయించాడు. ఈ వర్గంలో అన్నిటికంటె పైభాగానికి ఆయన మన కుందేరు పేరు పెట్టాడు. మన పిల్లలు ఆ ఊళ్ల పేర్లను బస్సు బోర్డుల మీదే చదువుతున్నారు.

ఆళ్లగడ్డ దాటి తూర్పుకు తిరిగేసరికి ఎదురుగా నల్లమల. ఇక్కడ ఒక వింత గమనించాలి. మైదానంలోని రాళ్లు వయసులో చిన్నవి, ఇంచుమించు పరచిన చాపల్లాగా పడుకొని ఉంటాయి. కొండల్లోని రాళ్లు వయసులో పెద్దవి, మడతలు పడి ఉంటాయి. మామూలుగా పెద్దవి అడుగున, చిన్నవి మీద ఉండాలి. ఇక్కడ పెద్దవి పక్కన గోడలాగా లేచి నిలబడ్డాయి. గచ్చు మీద చాప పరచి ఒక అంచు పట్టుకొని తోస్తే చాప ముడతలు పడి ముందుకు జరుగుతుంది గదా, అలాగే తూర్పు నుండి వచ్చిన ఒత్తిడికి నల్లమల రాళ్లు ముడతలు పడి పడమటికి జరిగాయి. ఆ సరిహద్దును పుస్తకాల్లో రుద్రవరం రేఖ అంటారు. అదీ మన పక్క మండలం పేరే.

మరి ఆ రాళ్ల వయసు ఎట్లా తెలిసింది? నంద్యాల–గిద్దలూరు రైలు దారిలో చెలిమ అనే చిన్న స్టేషను ఉంది. అక్కడ భూమి లోతుల నుండి కరిగిన రాయి నల్లమల పొరలను చీల్చుకొని పైకి వచ్చి గడ్డకట్టింది. దాని వయసు సుమారు 140 కోట్ల ఏళ్లని తేల్చారు. గోడకు మేకు కొట్టాలంటే ముందు గోడ ఉండాలి. కాబట్టి నల్లమల రాయి అంతకంటె పాతది. అప్పటికి భూమ్మీద చెట్టు లేదు, చేప లేదు. ఈ రాతిలో శంఖం, గవ్వ ఏదైనా కనిపిస్తుందేమోనని వెతకవద్దు, ఉండదు. అలల గుర్తుల కోసం వెతకండి. ఒకనాటి తీరపు ఇసుకే ఈ రాయి. పలకలాంటి బండల మీద సన్నటి వరసలు, చేత్తో తడిమితే తెలిసేవి, నీళ్లు ఇసుక మీద ఆడుకొన్న జాడలు.

ఇక ఎరుపు. ఎగువ అహోబిలంలో భవనాశి వాగు పక్కన నిలబడి పైకి చూస్తే, రెండు వైపులా గరుడాద్రి, వేదాద్రి. పొద్దున ఎండ పడినప్పుడు ఆ కొండ ముఖం ఇటుక రంగులోకి వస్తుంది. ఇసుక రేణువు ఎరుపు కాదు. క్వార్ట్‌జ్ తెల్లనిదే. రేణువుల చుట్టూ, పగుళ్ల వెంట ఇనుము పట్టింది, ఆ ఇనుము తుప్పు పట్టింది. మన వంటింటి పెనానికి పట్టిన తుప్పు, ఈ కొండ రంగు ఒకటే సరుకు. కొత్తగా విరిగిపడిన బండ లోపలి ముఖం చూస్తే లేతగా ఉంటుంది. విరిగినవి దారి పొడుగునా ఉన్నాయి గనుక సుత్తి తేవద్దు. క్వార్ట్‌జ్ కాఠిన్యం ఏడు, చాకు మొన ఐదున్నర. గీసి చూడాలన్న ఉబలాటం ఉంటే మీ చాకే అరుగుతుంది. తిరుగు ప్రయాణంలో ఆళ్లగడ్డ శిల్పుల దగ్గర కాసేపు ఆగి, ఉలికి ఏ రాయి లొంగుతుంది, ఏది లొంగదు అని అడగండి. నేను తరగతిలో చెప్పేదానికంటె వాళ్లు రెండు నిమిషాల్లో బాగా చెబుతారు.

ఏ కాలంలో పోవాలి? నవంబరు ఆఖరు నుండి జనవరి దాకా. ఫిబ్రవరి దాటితే క్వార్ట్‌జైటు బండ పెనమవుతుంది, మధ్యాహ్నం పట్టుకొని ఎక్కలేరు. ఆ నెలల్లో కూడా స్వాతి నక్షత్రం రోజును పంచాంగం చూసి తప్పించుకోండి. స్వామివారి నక్షత్రం, జనం ఎక్కువ. ఫాల్గుణంలో బ్రహ్మోత్సవాలు. సంక్రాంతి తర్వాత పారువేట ఉత్సవం మొదలై, స్వామి నలభై రోజులకు పైగా పల్లెలన్నీ తిరుగుతాడు. చెంచులక్ష్మిని పెళ్లాడిన అల్లుడు అత్తవారి జనాన్ని పిలవడానికి వచ్చాడని ఊళ్లలో చెప్పుకొంటారు. అది చూడదలచినవాళ్లు వేరే రోజు, చిన్న జట్టుగా పొండి. నడకనూ ఉత్సవాన్నీ కలిపితే రెండూ చెడతాయి.

వానాకాలం వద్దని ఎందుకంటానో ఒక సంగతి చెప్పాలి. కొన్నేళ్ల కిందట ఆగస్టులో పందొమ్మిది మంది విద్యార్థులతో భవనాశి అవతలి గట్టున ఉన్నాను. మా నెత్తిన చినుకు లేదు, ఎండ కాస్తోంది. వాగు చీలమండల లోతు. తిరిగి దాటబోతుండగా మా దారి చూపే పెద్దాయన చెయ్యి అడ్డం పెట్టి, "సార్, దిగొద్దు. నీళ్ల రంగు మారింది. ఆకులొస్తాండాయి సూడండి" అన్నాడు. నిజమే, తేటగా ఉన్న నీళ్లు ఎర్రబడి, పచ్చి ఆకులు, పుల్లలు తేలివస్తున్నాయి. పైన ఎక్కడో కురిసింది. మా కుర్రాళ్లలో నలుగురు మొనగాళ్లు "చేతులు పట్టుకొని గొలుసుగా దాటేద్దాం సార్, మోకాలి లోతే గదా" అన్నారు. పెద్దాయన ససేమిరా అన్నాడు. పది నిమిషాలు తిరక్కుండానే, మేము అడుగు పెట్టబోయిన బండ మునిగిపోయింది. మూడు గంటలు గట్టునే కూర్చున్నాం. నీరు తగ్గాక చీకట్లో టార్చిలైట్లతో దిగాం. మోకాలి లోతు గురించి లెక్క కూడా చెబుతాను, ఫిజిక్సు వాళ్లు సరిచూసుకోవచ్చు: నీటి వేగం రెండింతలైతే కాలి మీద తోపు నాలుగింతలవుతుంది, మూడింతలైతే తొమ్మిదింతలు. లోతు చూసి ధైర్యం తెచ్చుకొనేవాడు సగం లెక్కే చేస్తున్నాడన్న మాట. గొలుసుగా దాటితే మరీ ప్రమాదం. ఒకడి కాలు జారితే పక్కవాణ్ణి కూడా లాక్కొనిపోతాడు.

ఇక కాలం లెక్క. నేస్మిత్ అనే స్కాట్లండు కొండలెక్కే ఆయన 1892లో ఒక సూత్రం చెప్పాడు: ప్రతి 5 కిలోమీటర్లకు ఒక గంట, ప్రతి 600 మీటర్ల ఎత్తుకు మరొక గంట. ఉదాహరణకు 5 కిలోమీటర్ల దూరం, 300 మీటర్ల ఎత్తు అనుకొందాం. ఆయన లెక్కన గంటన్నర. ఇది ఒంటరిగా, బలంగా, మంచి దారిన నడిచే మనిషికి. వాగులో బండల మీద నుండి బండల మీదికి దాటే మన దారికి దాన్ని రెట్టింపు చేయండి, మూడు గంటలు. ఇరవై మంది జట్టయితే ప్రతి ఇరుకు దగ్గర ఒక్కొక్కరికి ఒక నిమిషం పట్టినా అక్కడే ఇరవై నిమిషాలు పోతాయి. అలాంటి ఇరుకులు మూడు ఉంటే ఒక గంట. అంటే మూడు కాదు, నాలుగు గంటలు. దిగేటప్పుడు త్వరగా వస్తామనుకోవద్దు. మోకాళ్లు అలిసి ఉంటాయి, ఈ రాళ్ల మీద జారేది దిగేటప్పుడే.

డిసెంబరులో మనకు పగలు పదకొండుంపావు గంటలే. ఆరున్నర దాటాక పొద్దు పొడుస్తుంది, ఆరు కాకముందే కుంకుతుంది. లోయలో అంతకంటె ముందే వెలుతురు పోతుంది. కాబట్టి నంద్యాల నుండి తెల్లవారుజామున బయలుదేరి అదే రోజు కొండెక్కుదామన్న ఆలోచన మానుకోండి. ముందు రోజు సాయంత్రానికి దిగువ అహోబిలం చేరి సత్రంలో పడుకోవాలి. ఆ సాయంత్రం ప్రహ్లాదవరదుని గుడి, మండపాల స్తంభాలు తీరికగా చూడవచ్చు. తెలుగు శాఖ వాళ్లకు ఎర్రాప్రెగడ నృసింహపురాణం, చరిత్ర వాళ్లకు 1515 ప్రాంతంలో కృష్ణదేవరాయలు వచ్చిన సంగతి చెప్పుకోవడానికి అదే సమయం. పొద్దున ఏడింటికి ఎగువన నడక మొదలుపెట్టాలి. మధ్యాహ్నం పన్నెండున్నరకు ఎక్కడుంటే అక్కడి నుండి వెనక్కి. ఉగ్రస్తంభం ఇంకో అరగంటలో ఉందని ఎవరు చెప్పినా సరే.

నీళ్లు మనిషికి నాలుగు లీటర్లు. అంటే ఇరవై మందికి ఎనభై లీటర్లు, ఎనభై కిలోలు. ఎవరిది వాళ్లే మోయాలి. "నా వంతు నువ్వు మొయ్యి" అన్న స్నేహాలు మొదటి ఎక్కుడు దగ్గరే తెగుతాయి. వాగు నీళ్లు తేటగా కనబడతాయి గాని కాచకుండా తాగవద్దు. సద్దిమూట తేలికగా ఉండాలి: చిత్రాన్నం, వేయించిన చెనిక్కాయ విత్తనాలు, బెల్లం, కాస్త ఉప్పు కలిపిన నిమ్మకాయ నీళ్లు. పెరుగన్నం మధ్యాహ్నానికి పులిసిపోతుంది. బిస్కెట్ల పొట్లాలు చేత పట్టుకొని నడిస్తే కోతులకు సమర్పణే. చెప్పులు వద్దు, అడుగు పట్టు ఉన్న బూట్లు. గుడి దగ్గర విప్పి, మళ్లీ తొడుక్కొని నడవాలి, అంచేత విప్పుకోవడానికి తేలికైనవి. ఒక చేతికి కర్ర. ఎగువన కర్రలు అద్దెకిస్తారు, మొహమాటపడకుండా తీసుకోండి. సెల్‌ఫోను సిగ్నలును లోయలో నమ్ముకోవద్దు.

పులి గురించి అందరూ అడుగుతారు. ఇవి నల్లమల అడవులు, నాగార్జునసాగర్–శ్రీశైలం పులుల సంరక్షణ కేంద్రం 1983 నుండి ఉంది, గుండ్ల బ్రహ్మేశ్వరం అభయారణ్యం 1990లో ఏర్పడింది. అడవి అడవే. అయినా ఇరవై మంది మాట్లాడుకొంటూ పోయే జట్టుకు పులి కంటె కొండతేనె భయం ఎక్కువ. ఈ ఎర్రకొండల అంచులకు పెద్ద తేనెపట్లు వేలాడుతుంటాయి. చెంచులు తాళ్ల మీద దిగి తేనె తీసేది అలాంటి పట్ల నుండే. పొగ, ఘాటైన సెంటు, ఈలలు, రాయి విసరడం, వీటిలో ఏ ఒక్కటి చాలు. సిగరెట్టు, మంట, టపాసు ఎగువన అసలే పనికిరాదు. ఈగలు లేస్తే వాగులో దూకడం కాదు, తలా ముఖం గుడ్డతో కప్పుకొని అక్కడి నుండి దూరంగా పోవాలి. వానల తర్వాత కొండ అంచు కింద కూర్చొని భోంచేయవద్దు. పగుళ్లలో నీరు, చెట్ల వేళ్లు దూరి బండలను వదులు చేస్తాయి.

అనుమతి మాట. ఎగువ గుడి దాకా యాత్రికుల దారే. దాన్ని దాటి అడవిలోకి జట్టుగా పోవాలంటే అటవీశాఖ వారికి ముందే కాగితం పెట్టి, ఊళ్లోని దారి తెలిసిన మనిషిని వెంట తీసుకోవాలి. ఈ అడవుల్లో ఎర్రచందనం ఉంది. మన దిక్కు కొండల్లో తప్ప లోకంలో ఇంకెక్కడా తనంతట తాను పెరగని చెట్టు. జ్ఞాపకానికని చిన్న ముక్క జేబులో వేసుకొన్నా కేసే. చెక్‌పోస్టులో బ్యాగులు వెతుకుతుంటే చిన్నతనంగా భావించవద్దు, వాళ్ల పని వాళ్లు చేస్తున్నారు. దారి చూపే ఆయనకు కూలి ముందే మాట్లాడండి, బేరం చెయ్యకండి. ఆయన "ఆగు" అంటే ప్రెసిడెంటు అయినా, లెక్చరరు అయినా ఆగాల్సిందే. ఆగస్టులో మమ్మల్ని ఇళ్లకు చేర్చింది ఆ మాటే.

ఇప్పుడు అసలు సంగతి. యాత్ర జాబితాలో ఆడపిల్లల పేర్లు ముందు పదిహేను ఉంటాయి, బయలుదేరే రోజుకు మూడు మిగులుతాయి. "కొండ గదా సార్, ఇంట్లో ఒప్పుకోలేదు" అంటారు. మన కుర్రాళ్లు "అదే మంచిది, జట్టు త్వరగా నడుస్తుంది" అంటారు. నేను చూసినంతలో జట్టును ఆలస్యం చేసేది ఫోటోలు దిగే కుర్రాళ్లే. ఒకసారి కోవెలకుంట్ల నుండి ఒక విద్యార్థిని తల్లి నా దగ్గరకు వచ్చింది. కొండ ఎత్తెంత అని అడగలేదు. "ఎన్నింటికి దిగుతారు సార్? చీకటి పడితే యాడుంటారు? ఎవరెవరు పోతాండారు?" అని మూడు ప్రశ్నలు వేసింది. మా చేతిలో రాసిపెట్టిన కాగితం ఉంది. అది చదివి వినిపించాను. "రాసుకొన్నారు గదా, అట్లయితే పంపిస్తా" అన్నది. ఆ అమ్మాయి ఆ రోజు మా జట్టులో చివర నడిచింది. చివర నడవడమంటే తక్కువ పని కాదు. వెనకబడ్డవాళ్లను లెక్క చూసుకొంటూ రావాలి. ముందు దారి చూపే ఆయన, చివర ఒక నమ్మకమైన మనిషి, మధ్యలో అందరికంటె నెమ్మదిగా నడిచేవాళ్లు. ఆయాసం, మూర్ఛ, చక్కెర జబ్బు ఉన్నవాళ్లు ముందే రహస్యంగానైనా నాయకునితో చెప్పాలి. చెప్పినందుకు జాబితా నుండి తీసివేయకూడదు. తీసివేస్తారన్న భయంతోనే పిల్లలు దాచిపెడతారు.

ఇక "వీలైతే ఉగ్రస్తంభం". స్వామి చీల్చుకొని వచ్చిన స్తంభం అదేనని భక్తుల విశ్వాసం. రాతి శాస్త్రం ప్రకారం చూసినా అది చీలినదే. క్వార్ట్‌జైటు పొరలకు అడ్డంగా నిలువు పగుళ్లు పడతాయి. పగులు వెడల్పై, మధ్య రాయి రాలిపోయి, ఒక చెక్క కొండ నుండి విడిపోయి ఒంటరిగా నిలుస్తుంది. కింది నుండి చూసినా ఆ చీలిక తెలుస్తుంది. జ్వాలా నరసింహ సన్నిధి దాకా మెట్లు, కడ్డీలు ఉన్న దారి, మామూలు ఆరోగ్యం ఉన్నవారందరూ పోవచ్చు. అక్కడ వానల తర్వాత పై అంచు నుండి నీళ్లు దారి మీద జల్లుగా పడతాయి, పుస్తకాలు తడవకుండా చూసుకోండి. ఆ పైది వేరు. చేతులతో పట్టుకొని ఎక్కాల్సిన చోట్లున్నాయి, పైన చోటు ఇరుకు. యాభై మందిని అక్కడికి తీసుకుపోవడం నా మటుకు నేను ఒప్పుకోను. "వీలైతే" అని రాసుకొంటే ఏమవుతుందంటే, పదకొండు గంటలకు జ్వాల దగ్గర కూర్చొని ఓట్లు వేసుకొంటారు, గట్టిగా అరిచినవాడు గెలుస్తాడు. కాబట్టి కాలేజీలోనే తేల్చండి. అందరూ జ్వాలా, మాలోల దాకా. ఉగ్రస్తంభానికి ఎనిమిది మంది, ముందే పేర్లు రాసినవాళ్లు, వేరే దారి చూపే మనిషితో, అదే పన్నెండున్నర నియమం మీద. మిగిలినవాళ్లకు పని లేదనుకోవద్దు. భవనాశి బండల మీద పొరల వంపు ఎటుందో దిక్సూచితో కొలిచి పటం గీయడం వాళ్ల వంతు. ఆ పటం వచ్చే ఏటి సంచికలో వేద్దాం.

డిసెంబరు యాత్రకు దరఖాస్తు నవంబరు మొదటి వారంలోనే పెట్టాలి. జాబితా మూడు ప్రతులు: ఒకటి అటవీశాఖకు, ఒకటి ప్రిన్సిపాలు గారి కార్యాలయంలో, మూడవది దిగువన బస్సు డ్రైవరు దగ్గర. సాయంత్రం బస్సు ఎక్కేటప్పుడు తలలు లెక్కపెట్టవద్దు, పేర్లు పిలవండి. తలలు లెక్కపెడితే పక్క బస్సు యాత్రికుడొకడు మనవాళ్లలో కలిసి లెక్క సరిపోవచ్చు.